ఎర్రసిరా తగలని ఒక్క నోటుపుస్తకం

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల ఉపాధ్యాయులకు, పాఠశాల నిర్వహణ కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పర్లాకిమిడిలో ఉంటాను. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీద పద్నాలుగు మంది పిల్లలు చేరతారు. కొందరిది తెలుగు మాధ్యమం, ఎక్కువమందిది ఒడియా మాధ్యమం. ఇద్దరు పిల్లల ఇళ్లలో సవర అనే గిరిజన భాష మాట్లాడతారు. మీకు ఒక్క కోరిక విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా వారానికి ఒక్క పీరియడు పిల్లలు తమ మాటలు తాము రాసుకునేందుకు వదలండి. అందులో మార్కులు వద్దు. ఎర్రసిరా వద్దు. ఏ భాషలో, ఏ లిపిలో రాయాలో పిల్లలే తేల్చుకోనివ్వండి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలంటే ఒక సెలవు చీటీ సంగతి చెప్పాలి.

నా ఉద్యోగం చివరి రోజుల్లో ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఊడ్పుల కాలం వచ్చేసరికి తరచుగా బడి మానేది. మానిన ప్రతిసారీ మర్నాడు చీటీ తెచ్చేది. "నాకు జ్వరముగా ఉన్నందున బడికి రాలేకపోతిని. కావున సెలవు మంజూరు చేయ ప్రార్థన." ఆ ఏడు నా హాజరుపట్టీలో ఆమెవి ఏడు చీటీలు చేరాయి. ఏడింటిలోనూ జ్వరమే. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. ఆ చీటీ ఎలా రాయాలో నేర్పింది నేనే. నల్లబల్ల మీద నేను రాసిన నమూనాలో కూడా జ్వరమే ఉంది.

ఒక మధ్యాహ్నం తరగతి అందరికీ చెప్పాను. "ఇవాళ అందరూ సెలవు చీటీ రాయండి. కాని అసలు కారణం రాయండి. పేరు అక్కర్లేదు. నాకు ఇవ్వాలనిపిస్తేనే ఇవ్వండి, లేకపోతే మీ దగ్గరే ఉంచుకోండి." ముందు ఎవరూ కదలలేదు. తర్వాత ఒక్కొక్కరే తల వంచారు. గంట కొట్టాక ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉన్న డస్టరు కింద దాచి వెళ్లిపోయింది. అందులో ఇలా ఉంది:

"అమ్మ ఊడ్పులకు పోతుంది. తమ్ముడు నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండడు. వాడు పడుకున్నప్పుడు లెక్కలు చేసుకుంటాను. నాకు జ్వరం రాలేదు టీచర్. మీరు జ్వరం తగ్గిందా అని అడిగితే నాకు ఏడుపు వస్తుంది."

ఏడుసార్లు అడిగాను నేను, జ్వరం తగ్గిందా అని. ప్రేమగానే అడిగాను. ఆ పిల్ల ఏడుసార్లూ తల ఊపింది.

ఆ సాయంత్రమే వాళ్ల అమ్మను కలిశాను. బాబుకు మూడేళ్లు నిండాయి. ఊడ్పులు అయ్యేదాకా ఉదయం అక్కే అంగన్‌వాడీలో దింపి బడికి వచ్చేట్టు, మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ తెచ్చుకునేట్టు మాట్లాడుకున్నాం. తర్వాత ఆ పిల్ల బడి మానలేదు. వ్యాసరచనలో ఎప్పుడూ పదికి ఐదు దాటని పిల్ల రాసిన ఆ ఐదు వాక్యాల్లో నేను దిద్దాల్సిన మాట ఒక్కటీ లేదు. రాయడం ఆమెకు ముందే వచ్చు. రాయడానికి మేం ఇచ్చిన విషయాల్లోనే ఆమె లేదు.

"జీవన నైపుణ్యాలు" అనే మాట ఈమధ్య ప్రతి శిక్షణలోనూ వినిపిస్తోంది. తన మనసు తనకు తెలియడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, ఇబ్బంది వస్తే నోరు తెరిచి సాయం అడగడం, దారి వెతుక్కోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన జాబితా కూడా దాదాపు ఇదే. వీటికోసం గోడమీద అంటించిన రంగుల చార్టులు చూశాను. ఆ అమ్మాయి మడిచి ఇచ్చిన కాగితంలో ఇవన్నీ ఉన్నాయి.

ఇది ఒక ముసలి టీచరు ముచ్చట మాత్రమే కాదు, చట్టంలో ఉన్నదే. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను చదవండి. పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనుగొంటూ నేర్చుకోవాలని, సాధ్యమైనంత వరకు మాతృభాషలో చదువు సాగాలని, బిడ్డకు భయం, బెదురు, ఆందోళన లేకుండా చేసి తన అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పుకునేలా సాయపడాలని అందులో స్పష్టంగా ఉంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. పూర్తి తెలుగు మాధ్యమం, టీచర్ల నియామకాలు వేరే పోరాటం. అవి తేలేదాకా పిల్లల్ని ఆగమనలేం కదా. వారానికి ఒక్క పీరియడుకు ఏ జీవో రావాలి?

భాష దగ్గర చాలామంది టీచర్లకు బెరుకు ఉంది, నాకు తెలుసు. ఒడియా మాధ్యమంలో చదివే తెలుగింటి పిల్లవాడికి మాట తెలుగు, అక్షరం ఒడియా. "తెలుగులో రాయి" అంటే అక్షరాలు రావంటాడు. "ఒడియాలో రాయి" అంటే ఇంటి సంగతికి మాట దొరకదు. అందుకే నేను మా అరుగు మీద తెలుగు మాటను ఒడియా అక్షరాల్లో రాయనిస్తాను. ఇలా చేస్తే రెండూ చెడతాయని కొందరు నన్ను హెచ్చరించారు. ఏం జరిగిందో చూడండి.

నాలుగో తరగతి కుర్రవాడు ఒకడు ఒడియా అక్షరాల్లో రాశాడు: "మా మేడ మీద పావురం వాలింది." పక్కపిల్ల గట్టిగా చదివింది: "మా మెడ మీద పావురం వాలింది." అందరూ పకపకా నవ్వారు, రాసినవాడితో సహా. తప్పు ఆ పిల్లది కాదు, రాసినవాడిదీ కాదు. తెలుగులో ఉన్నట్టు ఎ, ఏ లకు, ఒ, ఓ లకు ఒడియాలో విడివిడి అక్షరాలు లేవు. ఆ లిపిలో మెడ, మేడ ఒకలాగే ఉంటాయి. వాడు కాసేపు ఆలోచించి, దీర్ఘం పలకాల్సిన చోట అక్షరం నెత్తిన ఒక అడ్డగీత గీశాడు. "ఇలా ఉంటే సాగదీసి చదవాలి" అని అందరికీ చెప్పాడు. అప్పుడు నేను పలక మీద తెలుగులో 'మె', పక్కనే 'మే' రాసి చూపించాను. "ఓహో, తెలుగులో ముందే పెట్టేశారా!" అన్నాడు. తెలుగు అక్షరాలు నేర్పమని ఆ సాయంత్రం వాడే అడిగాడు. ఎత్వం, ఏత్వం చెప్పడానికి ఒకప్పుడు నాకు వారం పట్టేది. ఇక్కడ ఒక్క పావురంతో పని అయిపోయింది.

మనం ఉన్నది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో. సవరల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేసిన మనిషి ఆయన. జనం మాట్లాడే తెలుగును బడిలో రాయనివ్వాలని దశాబ్దాల తరబడి వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు చేరినప్పుడు ఊరు విడిచి వెళ్లారు కాని, ఆయన అడిగిన ప్రశ్న మన దగ్గరే ఉండిపోయింది. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు చేస్తాం. వేదిక మీద పిల్లలు పెద్దలు రాసిచ్చిన ప్రసంగం బట్టీపట్టి అప్పజెబుతారు. "ఆ మహనీయుని ఆశయములను" అంటూ ఎనిమిదేళ్ల బిడ్డ ఊపిరి బిగబట్టి చెబుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వచ్చే ఆగస్టులో ఆ ప్రసంగాలు మాని, పిల్లలు తమ మాటల్లో రాసుకున్న నాలుగేసి వాక్యాలు చదివించండి. ఒడిశా ప్రభుత్వమే 2006-07 నుంచి సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఇంటి భాష నుంచి బడి భాషకు వంతెన వేయాలన్న సూత్రాన్ని సర్కారే ఒప్పుకుంది. ఆ వంతెన మీద తెలుగింటి పిల్లలకూ చోటు ఉంది.

ఇక ఆ పీరియడులో ఏం చేయించాలంటారా, నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. ఒక వారం ఇంట్లోంచి ఏదైనా వస్తువు తెమ్మంటాను, దాని కథ రాయమంటాను. ఒకమ్మాయి కొమ్ముతో చేసిన దువ్వెన తెచ్చింది. మన ఊరి కొమ్ముపని సంగతి మీకు తెలిసిందే. ఆ దువ్వెనకు మూడు పళ్లు లేవు. ఆ మూడూ ఎప్పుడెప్పుడు ఊడాయో, ఎవరి జడ దువ్వుతుంటే ఊడాయో అమ్మమ్మను అడిగి రాసుకొచ్చింది. మూడో పన్ను వాళ్ల పిన్ని పెళ్లినాడు ఊడిందట. ఇంకో వారం సంతకు పంపి, ఒక అమ్మకందారును మూడు ప్రశ్నలు అడిగి రమ్మంటాను. మరో వారం ఏమీ చెప్పను, ఊరికే రాసుకోమంటాను. అన్నింటికంటే పిల్లలు ఎక్కువగా అడిగేది ఆ వారాన్నే.

రాసినది చదవాలనుకున్నవాళ్లు ముందుకు వచ్చి నా కుర్చీలో కూర్చుంటారు. వినేవాళ్లు బాగుంది, బాగాలేదు అనకూడదు. ప్రశ్న మాత్రం అడగవచ్చు. "అప్పుడు మీ అమ్మమ్మ ఏమంది?" "దువ్వెన ఇంకా వాడుతున్నారా?" ఇంత చిన్న నియమంతో పిల్లలు ఒకరినొకరు ఎంత శ్రద్ధగా వింటారో మీరే చూస్తారు.

మనసు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలి, వంశధార వరద, మన జిల్లాలో విరిగిపడిన కొండచరియలు మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. బడి తెరిచిన మొదటి రోజు నేను వదిలేసిన పాఠం నుంచే మొదలుపెట్టాను. ఒక పిల్లవాడు పది నిమిషాలకోసారి లేచి "టీచర్, తలుపు వేయనా?" అని అడుగుతూనే ఉన్నాడు. బయట మామూలు గాలే. మూడోసారి విసుక్కుని కూర్చోమన్నాను. ఆ విసుగు ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. తర్వాతి వారం తెల్లకాగితాలు పంచి, గాలి బొమ్మ వేసి కింద రెండు మాటలు రాయమన్నాను. రేకులు ఎగిరిపోతున్న ఇళ్లు, పడిపోయిన కొబ్బరిచెట్లు వేశారు. తలుపు పిల్లవాడు కాగితమంతా నల్లగా రుద్ది మధ్యలో పసుపు చుక్క పెట్టాడు. కింద "లాంతరు, నాన్న పట్టుకున్నాడు" అని రాశాడు. ఆ రోజు తలుపు గురించి అడగలేదు.

రాసుకోవడం వల్ల మనసు తేలికవుతుందన్నది పరిశోధకులూ చూశారు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కాలేజీ విద్యార్థులచేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాధపెట్టిన సంఘటన గురించి రాయించారు. జరిగిందీ, తమకు అనిపించిందీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. అయితే రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు బరువెక్కింది. టీచర్లు గుర్తుంచుకోవాల్సింది ఈ రెండో సంగతినే. అందుకే బాధ గురించి రాయమని ఎవరినీ బలవంతం చేయకూడదు. పీరియడు చివర ఐదు నిమిషాలు పాటకో ఆటకో ఉంచాలి. ఏడుపు మొహంతో ఏ బిడ్డనూ గంట కొట్టగానే బయటికి పంపకూడదు.

మా దగ్గర మడత నియమం ఒకటి ఉంది. మడిచిన పేజీని ఎవరూ తెరవరు, నేను కూడా తెరవను. విప్పి ఇస్తేనే చదువుతాను. కాని చదివినదంతా రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వను. మొదటి రోజే చెబుతాను: "ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నారని, ఇష్టంలేని చోట ముట్టుకుంటున్నారని నాకు తెలిస్తే ఊరుకోను, మిమ్మల్ని కాపాడేవాళ్లకు చెబుతాను." మీరూ ముందే చెప్పండి. బిడ్డ నమ్మి ఇచ్చాక మాట మార్చడం ఘోరం. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే ఫిర్యాదు చేసి తీరాలని 2012 పోక్సో చట్టం మనందరినీ ఆదేశిస్తోంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. దాన్ని నల్లబల్ల మూల రాసి, చెరపకుండా ఉంచండి.

తప్పులు దిద్దకపోతే భాష ఎలా బాగుపడుతుందని నన్ను అడగని టీచరు లేరు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు అర్ధరూపాయి పోస్టుకార్డు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. అక్కడ నాకు తెలిసిన ఒక టీచరు ఉన్నారు. మా పిల్లలు వాళ్ల పిల్లలకు కార్డులు రాస్తారు. ముందు నోటుపుస్తకంలో ఇష్టమొచ్చినట్టు రాస్తారు, అది ఎవరూ దిద్దరు. కార్డు మీదికి ఎక్కించేటప్పుడు మాత్రం వాళ్లే వచ్చి అడుగుతారు: "టీచర్, దీనికి ఒత్తు ఉందా?" "వాళ్లకు అర్థమవుతుందా?" చదివే మనిషి ఎదురుగా కనిపిస్తే తప్పు దిద్దుకోవాలన్న ఆరాటం దానంతట అదే పుడుతుంది. మెడ, మేడ కుర్రవాడు మొదటి కార్డును మూడుసార్లు తిరగరాశాడు.

వాడి కార్డులో "ఎండాకాలం మేము రోజూ పఖాళ తింటాము" అని ఉంది. పాతపట్నం నుంచి జవాబు వచ్చింది: "పఖాళ అంటే ఏమిటి? మా చద్దన్నమేనా?" వాడికి పౌరుషం వచ్చింది. ఇంట్లో నాయనమ్మను అడిగాడు, పక్కింటి ఒడియా పెద్దమ్మను అడిగాడు. అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా ఉంచడం, పొద్దున పెరుగు కలపడం, పక్కన వేయించిన వడియాల పొడి, ఉల్లిపాయ. తరవాణికి, దీనికి తేడా ఏమిటో ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెప్పారు. వాడు రెండూ రాశాడు, ఎవరు ఏది చెప్పారో కూడా రాశాడు. కార్డులో చోటు చాలక చిరునామా పక్కన సన్నగా ఇరికించాడు. వివరంగా రాయడం, విన్నది ఎవరు చెప్పారో చెప్పడం వాడికి ఏ పాఠమూ నేర్పలేదు.

నలభై మంది ఉన్న తరగతిలో ఇది ఎలా కుదురుతుందంటారు. వారానికి ఎనిమిది పుస్తకాలే చూడండి, ఐదు వారాల్లో అందరివీ అవుతాయి. పుస్తకంలో రెండే పనులు చేయండి: మీకు నచ్చిన వాక్యం కింద పెన్సిలు గీత, చివర ఒక ప్రశ్న. దానికి పది నిమిషాలు పట్టదు. సిలబస్ పూర్తికాదన్న మాటకు మాత్రం నేను తలవంచను. ముప్పై ఒక్క ఏళ్లలో నేను సిలబస్ పూర్తిచేయని ఏడాది లేదు, సొంతంగా ఒక పేజీ రాయలేని పిల్లలు లేని ఏడాదీ లేదు.

కమిటీలో ఉన్న అమ్మలకు, నాన్నలకు ఒక మాట. చట్టం ప్రకారం నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది మీరే. సంతకం పెట్టి లేచిపోకండి. ఈసారి ఆ కాగితంలో ఈ వాక్యం చేర్పించండి: "వారానికి ఒక పీరియడు స్వేచ్ఛారచనకు, ప్రతి బిడ్డకు విడిగా ఒక నోటుపుస్తకం, ఆ పుస్తకానికి మార్కులు లేవు." చదువు రాదని వెనక్కి తగ్గవద్దు. పేజీలు లెక్కపెట్టడం, మన పిల్ల రాసింది చదివి వినిపించమనడం చాలు. బిడ్డ మడిచిన పేజీని మాత్రం ఇంట్లో మీరూ విప్పకండి.

కాశీనగర్ నుంచైనా, గుణుపూర్ నుంచైనా, రాయగడ నుంచైనా ఏ బడి పిలిచినా బస్సెక్కి వస్తాను. గురువారం తప్ప ఏ రోజైనా సరే. గురువారం మా అరుగు మీద కార్డులు రాసే రోజు. ఈ వారం పాతపట్నం నుంచి ఒకటి వచ్చింది, దువ్వెన అమ్మాయికి: "మీ పిన్ని పెళ్లిలో ఊడిన పన్ను దొరికిందా?" ఆ అమ్మాయి ఇంకా జవాబు రాయలేదు. పిన్నినే అడుగుతానంటోంది. ఆమె దసరాకు వస్తుందట.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి